పాటలో తరుగు

వ్యాపారంలో నష్టం రెండు దారుల్లో వస్తుంది. సరుకు చెడిపోతే ఒకటి, సరుకు గురించి అవసరానికి మించి మాట్లాడితే ఒకటి. మొదటిదాన్ని కొంతవరకూ రాబట్టుకోవచ్చు. నూకలైతే దోసెలకి పోతాయి, ముక్కిపోతే కోళ్లకి పోతుంది. రెండోదాన్ని ఎవరూ కొనరు. నా పేరు కోట కన్నయ్యశెట్టి. మొదటి రకం నష్టం నాకు చాలాసార్లు వచ్చింది. రెండో రకం ఒక్కసారే వచ్చింది. ఆ లెక్క ఇది.

చింతలగుంట రథం సెంటర్లో మా కొట్టు. షట్టరు ఒకటే, లోపల వ్యాపారాలు రెండు. కుడివైపు బియ్యం. అది మా నాన్నగారు పెట్టింది. ఎడమవైపు పాటలు. అది నేను పెట్టింది. క్యాసెట్లతో మొదలుపెట్టి, సీడీలు దాటి, పెన్‌డ్రైవుల దగ్గరికి వచ్చాను. సినిమా పాటలు ఫోన్లోనే దొరుకుతున్నాయి కాబట్టి వాటిని వదిలేసి, ఫోన్లో దొరకనివి పట్టుకున్నాను. చుట్టుపక్కల భజన సమాజాలు, హరికథలు, కోలాటాలు. వాళ్లని పిలిచి, మైకు పెట్టి, రికార్డు చేసి, పెన్‌డ్రైవులో ఎక్కించి అమ్ముతాను.

అన్నిటిలోకీ బాగా పోయే పెన్‌డ్రైవు 'కల్యాణ డబ్బా'. మా ఊరి సన్నాయి విద్వాంసుడు షేక్ కరీముల్లా సాయిబు పెళ్లికి కావలసినదంతా ఒక్కసారి వాయించి ఇచ్చాడు. పెళ్లికూతుర్ని చేసే దగ్గర్నుంచి అప్పగింతల దాకా ఏ ఘట్టానికి ఆ ఫైలు. పంతులుగారు వేలు ఆడించి "గట్టిమేళం!" అనగానే పెళ్లికూతురి మేనమామ బొత్తాం నొక్కుతాడు. మేళం ఆలస్యంగా రాదు, టిఫిను అడగదు.

మా కాటాలకీ, తూకపు రాళ్లకీ ఏడాదికోసారి ముద్ర వేయించుకోవాలి. మా వైపు ఆ పని సంపూర్ణ ప్రమాణ పరిరక్షణ శాఖ వారిది. జనం నోరు తిరగక ప్రమాణాల ఆఫీసు అంటారు. ఆ ఆషాఢంలో ఇన్‌స్పెక్టరు నిరంజనరావుగారు వచ్చారు. రాళ్లు చూశారు, కాటా చూశారు, ముద్ర కొట్టారు. కాఫీ వచ్చేలోపు ఊరికే కూచోలేక ఎడమవైపు నుంచి కల్యాణ డబ్బా ఒకటి చేతిలోకి తీసుకున్నారు.

"ఏమయ్యా శెట్టీ, వేలి గోరంత లేదు. దీంట్లో సన్నాయి ఎట్లా పట్టిందయ్యా?"

ఆయన అడిగింది కాలక్షేపానికి. నేను నవ్వి ఊరుకుంటే సరిపోయేది. కానీ కొనేవాడికి సరుకు గుణం చెప్పడం మా కులవిద్య. కొననివాడికి కూడా చెప్పడం నా ఒక్కడి జబ్బు.

"పాట అంటే గాలి కదలడమే సార్," అని మొదలుపెట్టాను. "మైకు ఆ కదలికని కొలుస్తుంది. సెకనుకి నలభై నాలుగు వేల పైచిలుకు సార్లు కొలిచి, ఆ అంకెలన్నీ వరసగా పేర్చుకుంటుంది. ఆ అంకెల మూటే ఫైలు. ఏమీ తీయకుండా ఉంచితే దాన్ని వేవ్ ఫైలంటారు. అది కళ్లంలోంచి వచ్చిన ధాన్యం. బరువెక్కువ, చోటెక్కువ. దాన్నే ఒక్క గింజ పోకుండా అదిమి కట్టచ్చు. విప్పితే మళ్లీ అంత ధాన్యమూ వస్తుంది. అది ఫ్లాక్ ఫైలు. మూడోది ఎంపీత్రీ. ఇది మరాడించిన బియ్యం సార్. చెవి ఎటూ తినని ఊకా, తవుడూ తీసేస్తాం. డోలు మీద పెద్ద దెబ్బ పడ్డప్పుడు పక్కన చిన్న గజ్జె మోగినా మనకి వినబడదు కదా, ఆ గజ్జెని తీసేస్తాం. అందుకే గోరంత దాంట్లో పెళ్లంతా పడుతుంది."

నిరంజనరావుగారు అప్పుడే వచ్చిన కాఫీ గ్లాసు కింద పెట్టారు.

"తీసేస్తావా?"

"నేను కాదండి, కంప్యూటరు తీసేస్తుంది."

"ఎంత తీసేస్తుంది?"

"రకాన్ని బట్టండి. మామూలుగా పదికి తొమ్మిది పాళ్లు పోతుంది."

"పదికి తొమ్మిది!"

"అయినా తేడా తెలీదండి. అదే దాని గొప్ప."

"తేడా తెలీకుండా పదికి తొమ్మిది పాళ్లు తీసెయ్యడం," అన్నారాయన జేబులోంచి పెన్ను తీస్తూ, "మా శాఖ పుట్టినప్పట్నుంచీ వెతుకుతున్న నేరమయ్యా ఇది."

"సార్, ధాన్యం అన్నది పోలికండి. అర్థం కావడానికి చెప్పాను."

"అర్థమైంది. అందుకే రాస్తున్నాను."

పంచనామా అక్కడికక్కడే తయారైంది. 'సదరు వర్తకుడు సదరు సన్నాయి నందు నూటికి తొంబది వంతుల సరుకును తొలగించి, మిగిలిన పది వంతులను పూర్తి సన్నాయిగా విక్రయించుచున్నట్లు, ఎవరి ఒత్తిడియు లేకుండా, ఉదాహరణలతో సహా అంగీకరించెను.' తర్వాత ఆయన లక్క కరిగించమన్నారు. కొట్టుకి సీలు వేయాలట.

"నేరం ఎడమవైపుది కదండీ. కుడివైపు వదిలేయండి," అన్నాను.

"షట్టరు ఒకటే కదయ్యా."

"పోనీ బియ్యం బస్తాలు బయట పెట్టుకుంటానండి."

"సాక్ష్యం ఉన్న గదిలోంచి చీపురుపుల్ల కూడా కదలకూడదు. సరుకంతా తూచి రాసుకుంటాం. నీ గింజ ఒక్కటి పోదు. తనది కాని దాన్ని తగ్గించే శాఖ కాదు మాది."

నా భయం గింజ పోతుందని కాదు. శ్రావణంలో ముహూర్తాలున్నాయి. పెళ్లివారు కొత్త బియ్యం ముట్టరు, అన్నం ముద్దవుతుందని. ఏడాదిగా మాగబెట్టిన పాత బియ్యం అంతా ఆ గోడవారనే పేర్చి ఉంది. మా కొట్టు పైకప్పు రేకులది. వాన పడితే మూల కారుతుంది. కింద తొట్టి పెట్టి, నిండినప్పుడల్లా పారబోసుకుంటూ ఉంటాం. షట్టరు మూస్తే ఆ తొట్టి ఎవరు పారబోస్తారు? ఈ మాట చెప్పాను. ఆయన అది కూడా రాసుకున్నారు. 'వర్తకుడు లోపలికి పోవుటకు తొట్టి నెపము చెప్పెను.'

ఇంటికెళ్లి మా ఆవిడ మాణిక్యాంబకి చెప్పాను.

"కాఫీ తాగడానికి కూచున్న మనిషికి కాఫీ ఇచ్చి పంపాలి గానీ, ఆయన ముందు ధాన్యం ఎందుకు దంచారండీ?" అంది.

"అర్థమయ్యేట్టు చెప్పానే."

"అదే ముంచింది. అర్థం కాకుండా చెప్పుంటే తల ఊపి వెళ్లిపోయేవాడు. మీ నాన్నగారు చూడండి, జీవితమంతా 'బియ్యం మంచివి' అన్న ఒక్క మాట మీద వ్యాపారం చేశారు."

విచారణకి సాక్షి కావాలి. కరీముల్లా సాయిబు ఇంటికి వెళ్లాను. అరుగు మీద కూచుని సన్నాయి పీకలు తడిపి ఆరబెట్టుకుంటున్నాడు.

"సాయిబుగారూ, మీ సన్నాయిలో పదికి తొమ్మిది పాళ్లు నేను తినేశానట."

"తొమ్మిదేనా? నేను పదీ అనుకుంటున్నానే," అన్నాడు చల్లగా. "నిరుడు శ్రావణంలో ఊళ్లో పెళ్లిళ్లన్నిటికీ నేనే వాయించాను శెట్టిగారూ. ఒక్క పెళ్లికీ వెళ్లలేదు. ఇదిగో, ఈ అరుగు మీద కూచుని మూడు వీధుల్లోంచి నన్ను నేనే విన్నాను. పై వీధిలో తాళి కట్టిస్తున్నాను, కింది వీధిలో అప్పగింతలు పెడుతున్నాను. మా ఆవిడ బయటికొచ్చి, 'ఇన్ని చోట్ల నువ్వుంటే ఇక్కడ కూచున్న ఈయనెవరు?' అంది."

"రికార్డింగుకి అప్పుడే ముట్టజెప్పాను కదండీ."

"ఇచ్చారు, లేదనలేదు. ఒకసారి ఊదినందుకు ఒకసారి ఇచ్చారు. న్యాయం న్యాయమే."

ఆ మాటలో వెటకారం ఎంత పాలో తూచలేకపోయాను. "సాక్ష్యానికి వస్తారా?" అన్నాను.

"రాకేం? పెళ్లికి పిలవకపోయినా విచారణకి పిలిచారు. సన్నాయి తెచ్చుకోనా?"

జిల్లా ఆఫీసులో జాయింట్ డైరెక్టరు పరాంకుశంగారి కుర్చీ వెనక గోడ మీద పెద్ద అక్షరాలతో 'ఎక్కడ తగ్గితే అక్కడ మేము' అని ఉంది. ఆయన మాట్లాడితే గుమాస్తా రాసుకుంటున్నాడో, గుమాస్తా రాసింది ఆయన మాట్లాడుతున్నారో తెలియనట్టు ఉంటుంది.

"ఈ శాఖ కిరాణా తరుగును అదుపు చేసింది. కిరోసిను తరుగును అంతమొందించింది. శబ్ద తరుగు అనునది మాత్రం మన కళ్లు గప్పి, చెవులు గప్పి, ఇంతకాలం సంగీతము అను ముసుగులో సంచరించినది. వర్తకుడు ఏమంటాడు?"

"తీసిన భాగం మనిషి చెవికి వినబడేది కాదండి."

"వినబడదు సరే. ఉన్నదా, లేదా?"

"ఉంది గానండీ..."

"ఉన్నదని రాసుకోండి."

"వినబడనిది ఉంటే ఎంత, పోతే ఎంత సార్?"

"ఈ ఆఫీసులో కనబడని ఉద్యోగులు పదహారు మంది ఉన్నారు. కనబడటం లేదని వాళ్లని పద్దులోంచి తీసేస్తున్నామా?" అన్నారు పరాంకుశంగారు. గదిలో ఉన్నవాళ్లు, అంటే కనబడే ఉద్యోగులు, తలలూపారు. "సరే. ధాన్యం మరాడిస్తే తవుడు ఏం చేస్తారు?"

"పాడి పశువులకి అమ్ముతామండి."

"మరి శబ్దపు తవుడు ఎవరికి అమ్మారు?"

"దాన్ని అమ్మడానికి ఉండదు సార్. అది లేకుండా పోతుంది."

"ఏదీ లేకుండా పోదు. ఏడో తరగతిలోనే చదువుకున్నాం. ఎక్కడికో తరలించి ఉంటారు."

నిరంజనరావుగారు వినయంగా లేచారు. "సార్, మనకి వినబడని శబ్దాలు కుక్కలకి వినబడతాయట. రథం సెంటర్లో ఈ మధ్య కుక్కలు కారణం లేకుండా మొరుగుతున్నాయి. సరుకు అటు వెళుతోందేమో."

"విచారణ పరిధిలో చేర్చండి. బాధితుడు వచ్చాడా?"

కరీముల్లా సాయిబు చుట్టూ చూశాడు. బాధితుడు తనేనని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

"మీ ఊపిరిలో తొంభై శాతం అపహరణకు గురైంది. దాని మీద మీ అభిప్రాయం?"

"అయ్యా, అది పోయినా నేను బతికే ఉన్నాను. కాబట్టి పోయింది పెద్ద సామానేం కాదనుకుంటా."

"బాధితుడు దిగ్భ్రమలో ఉన్నాడని రాసుకోండి."

ఉత్తర్వు వచ్చింది. కల్యాణ డబ్బా కొన్న ప్రతి ఇంటికీ, తొలగించిన భాగంతో సహా, పూర్తి సన్నాయి అందజేయాలి. అందినట్టు రుజువైతే షట్టరు తెరుస్తారు. నాకు సంతోషమే వేసింది. మైకు రికార్డు చేసిన అసలు వేవ్ ఫైళ్లు మా ఇంట్లో భద్రంగా ఉన్నాయి. కాస్త పెద్ద పెన్‌డ్రైవుల ఖర్చు, అంతే. నష్టమే, కానీ హద్దున్న నష్టం. హద్దున్న నష్టాన్ని మేం నష్టం అనం, పెట్టుబడి అంటాం.

ఈ మధ్యలో శాఖ ఊరుకోలేదు. శబ్ద తరుగు నివారణ విభాగం అని కొత్తది పెట్టారు. దానికి ఒక జీపు, జీపుకి ఒక బోర్డు వచ్చాయి. సంపూర్ణ శ్రవణ వారోత్సవాలు జరిపారు. బడిపిల్లల్ని ఎండలో నడిపించి 'వినబడనిది మా జన్మహక్కు' అని అరిపించారు. ఊరేగింపు ముందు ఆటోలో సన్నాయి మోగింది. అది మా కల్యాణ డబ్బాయే. వాళ్లు ఎంచుకున్న ఫైలు అప్పగింతలది. జనంలో ఉత్సాహం పెరిగింది. ఒకాయన తన కొడుక్కి పాఠాల్లో పదో వంతే అందుతోందని బడి మీద అర్జీ పెట్టాడు. ఇంకొకాయన తను చెప్పేదాంట్లో పదో వంతే భార్యకి వినబడుతోందని పెట్టుకున్నాడు. రెండోదాన్ని తీసుకోలేదు. ఆ సమస్య జాయింట్ డైరెక్టరుగారికీ ఉందట.

వానలు మొదలయ్యాయి. చినుకు పడ్డప్పుడల్లా నేను కొట్టు ముందుకెళ్లి షట్టరుకి చెవి ఆనించేవాణ్ని. మొదట్లో చినుకు తొట్టిలో పడే చప్పుడు ఖాళీగా మోగేది. తర్వాత నిండుగా మోగింది. ఆ తర్వాత తొట్టి పొంగి చప్పుడు మారింది. అది బస్తా మీద పడే చప్పుడని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

రెండో విచారణకి వేవ్ ఫైళ్లు పట్టుకుని పరిగెత్తాను.

"ఇది పూర్తి సరుకు సార్. మైకు కొలిచిందంతా దీంట్లో ఉంది. రవ్వంత కూడా తీయలేదు. దయచేసి షట్టరు..."

పరాంకుశంగారు నా పాత వాంగ్మూలం తిరగేశారు. "సెకనుకి నలభై నాలుగు వేల పైచిలుకు సార్లు కొలుస్తుందన్నావు."

"అవునండి."

"ఒక కొలతకీ ఇంకో కొలతకీ మధ్య ఏం చేస్తుంది?"

దానికి సమాధానం ఉంది. చెవికి కావలసినదంతా ఆ కొలతల్లోంచే మళ్లీ గీయవచ్చు, చుక్కలు కలిపితే ముగ్గు వచ్చినట్టు. కానీ ముగ్గు అంటే పిండి అడుగుతారు. ఈసారి నోరు మూసుకోవడమే లాభమని మూసుకున్నాను.

"వర్తకుడు మౌనం వహించాడు. అంటే ప్రతి రెండు కొలతల మధ్య ఉన్న సన్నాయి మొదటే మాయమైంది. సెకనుకి నలభై నాలుగు వేల దొంగతనాలు!" పరాంకుశంగారు కుర్చీలోంచి సగం లేచారు. అలాంటి కేసు ఉద్యోగంలో ఒక్కసారే వస్తుంది. "కావున యంత్రం తాకిన సన్నాయి ఏదైనా తక్కువ తూకమే. పూర్తి తూకం ఒక్కచోటే ఉంది."

అందరూ ఆయన చూపు వెంట చూశారు. కరీముల్లా సాయిబు కుర్చీలో సర్దుకున్నాడు.

"కొన్న ప్రతి ఇంటికీ విద్వాంసుణ్నే స్వయంగా చేరవేయాలి. డబ్బాలో ఎంత అమ్మారో అంతా, పెళ్లికూతుర్ని చేయడం మొదలు అప్పగింతల దాకా, మా పర్యవేక్షణలో వాయించాలి."

"వాళ్ల పెళ్లిళ్లయిపోయాయి కదండీ," అన్నాడు సాయిబు. "కొందరికి పిల్లలు కూడాను."

"సరుకు చేర్చడం వర్తకుడి బాధ్యత. వినియోగం వారి ఇష్టం."

బయటికొచ్చాక సాయిబు నా భుజం మీద చెయ్యి వేశాడు. "బెంగ పెట్టుకోకండి శెట్టిగారూ. ఇన్నాళ్లకి నాకు సర్కారు వారే బేరాలు కుదిర్చారు. మీ బస్తాల కోసం వేగంగా వాయిస్తాను."

"వేగంగా వద్దు సాయిబుగారూ, తగ్గిందంటారు."

మొదటి ఇల్లు ఇటుకబట్టీ బసవయ్యది. వాళ్లమ్మాయి పెళ్లి రెండేళ్ల కిందట మా డబ్బాతోనే జరిగింది. శాఖ వారి జీపులోంచి బస్తాలు తూచే పెద్ద కాటా దింపి వాకిట్లో పెట్టారు.

"ఇదెందుకండీ?" అన్నాడు బసవయ్య.

"ఊపిరి పదార్థమే," అని నిరంజనరావుగారు సర్క్యులరు చదివారు. "వాయించక ముందు విద్వాంసుడి బరువు, వాయించాక విద్వాంసుడి బరువు. ఆ రెంటికీ గల వ్యత్యాసమే మీకు ముట్టిన సన్నాయి."

కరీముల్లా సాయిబు చెప్పులు విడిచి కాటా ఎక్కాడు. బరువు రాసుకున్నారు. దిగి, చాప మీద కూచుని, పీక సరిచేసుకుని ఊదాడు.

నేను ఆ సన్నాయిని రికార్డు చేసినవాణ్ని. ఎన్ని వందలసార్లు విన్నానో లెక్కలేదు. అయినా మొదటి ఊదుకే, నష్టం లెక్క వేసుకుంటున్న నా వేళ్లు వాటంతటవే ఆగిపోయాయి. వీధిలో వెళుతున్నవాళ్లు ఆగారు. ఆగినవాళ్లు లోపలికొచ్చారు. పుట్టింటికని వచ్చి ఉన్న బసవయ్య కూతురు, పసివాణ్ని చంకనేసుకుని గుమ్మంలో నిలబడింది. అప్పగింతలు మొదలయ్యేసరికి బసవయ్య కండువా నోట్లో కుక్కుకుని ఏడవడం మొదలుపెట్టాడు.

"ఇదేం చోద్యం? పెళ్లినాడు ఏడవలేదే!" అంది వాళ్లావిడ, తనూ కళ్లు తుడుచుకుంటూ.

"ఆనాడు కరెంటు పోయిందే. నేను జనరేటరు దగ్గరున్నాను," అన్నాడు బసవయ్య.

సన్నాయి ఆగింది. అప్పుడే తూచి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. కానీ మా ప్రాంతంలో మంగళవాద్యం వాయించినవాడు ఆ ఇంట్లో ముద్ద ముట్టకుండా గడప దిగకూడదు. బసవయ్య భార్య విస్తరి వేసింది. పులిహోర, గారెలు, పరమాన్నం. నిరంజనరావుగారికీ వేసింది. ప్రభుత్వం భోంచేస్తుండగా తూకం ఎవరు వేస్తారు? సాయిబు రెండోసారి పరమాన్నం వేయించుకున్నాడు. గారెలు ఎన్ని తిన్నాడో నేను చూడలేదు. నేనూ తింటున్నాను.

తర్వాత కాటా ఎక్కించారు.

నిరంజనరావుగారు ముల్లు వైపు చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశారు. కిలోన్నర ఎక్కువ.

"పెరిగావేమిటయ్యా?"

"భోజనం చేశాను కదండీ. మీరూ చేశారు. ఎక్కండి, చూద్దాం."

ఆయన ఎక్కలేదు. పక్కకెళ్లి పరాంకుశంగారికి ఫోన్ చేశారు. చాలాసేపు 'చిత్తం' అన్నారు. తిరిగొచ్చి బసవయ్య ముందు గట్టిగా నిలబడ్డారు.

"వాయించాక బరువు పెరిగింది. అంటే సరఫరా తిరగబడింది. సన్నాయి విద్వాంసుడి నుంచి నీకు రాలేదు. నీ నుంచి విద్వాంసుడికి వెళ్లింది. కిలోన్నర సన్నాయి సరఫరా చేయడానికి నీ దగ్గర లైసెన్సు ఉందా?"

బసవయ్య నోరు తెరిచాడు. ఆ నోట్లోంచి ఏమీ రాలేదు. వినబడని భాగం వచ్చి ఉండచ్చు.

"ఇటుకల లైసెన్సు ఉందండి," అన్నాడు చివరికి.

నోటీసు ఇచ్చారు.

ఈ వార్త ఊరంతా తిరగడానికి జీపు అక్కర్లేకపోయింది. మర్నాడు మా ఇంటి ముందు జనం. కల్యాణ డబ్బా కొన్నవాళ్లంతా.

"శెట్టిగారూ, మేం మీ దగ్గర ఏమీ కొనలేదు. కొన్నామన్నారంటే బాగుండదు."

"మా అబ్బాయి పెళ్లికి అసలు సన్నాయే లేదండి. మూగనోము పెళ్లి చేశాం."

"నాకు పుట్టుకతో చెవుడు," అన్నాడొకాయన, నేను అడగకుండానే, నా ప్రశ్న పూర్తిగా విని.

ఒకతను తొందరలో, తనకి పెళ్లే కాలేదని రాసిచ్చాడు. సంతకం దగ్గర సాక్షిగా భార్య చేత వేలిముద్ర వేయించాడు.

ఆ కాగితాలన్నీ మూట కట్టుకుని పరాంకుశంగారి దగ్గరికి వెళ్లాను. ఆయన ఒక్కొక్కటే చదివారు. చదువుతున్నకొద్దీ ముఖం వెలిగింది.

"అంటే, ఈ జిల్లాలో సన్నాయి కొన్నవాడే లేడు."

"ఒక్కడూ లేడండి."

"కొన్నవాడు లేనప్పుడు తక్కువ అందినవాడు ఉండడు. అందినవాడు లేనప్పుడు తరుగు ఉండదు." ఆయన లేచి నిలబడ్డారు. "శబ్ద తరుగు మన జిల్లాలో సంపూర్ణంగా నిర్మూలించబడింది. దేశంలో మనమే మొదటివాళ్లం. షట్టరు తెరిపించండి. ఫోటోగ్రాఫరుకి చెప్పండి."

అప్పటికి శ్రావణం సగమైంది. ముహూర్తాలు మొదలయ్యాయి. కల్యాణ డబ్బా అన్న మాట ఎత్తడానికి ఊళ్లో ఎవరికీ ధైర్యం లేదు. తలుపులేసుకుని వింటే కుక్కలు మొరుగుతాయేమోనని భయం. పెళ్లివారంతా కరీముల్లా సాయిబు అరుగు దగ్గర వరస కట్టారు. మనిషిని పిలిచి వాయించుకుంటే కొన్నట్టు కాగితం ఉండదు, అన్నం పెట్టి పంపేస్తే కాటాకి పని ఉండదు. పాత బియ్యం మాత్రం అందరూ ఎదుటి కొట్లో కొన్నారు.

సీలు తీసే రోజు సాయిబు కూడా వచ్చాడు. "ఒక పెళ్లి పొద్దున అయింది, ఇంకోటి సాయంత్రం. మధ్యలో మీ పెళ్లి చూసి పోదామని," అన్నాడు.

లక్క పగలగొట్టారు. షట్టరు పైకి లేచింది. ముందు వాసన బయటికొచ్చింది. ఎడమవైపు పెన్‌డ్రైవులు పేర్చినవి పేర్చినట్టే, మెరుస్తూ ఉన్నాయి. కుడివైపు మూలనున్న బస్తాలు నల్లబడి, ఉబ్బి, గోనె మీద బూజు పట్టి ఉన్నాయి. మిగతా బస్తాలు పొడిగానే ఉన్నాయి గానీ వాటి మీద చెయ్యి పెడితే లోపల ఏదో కదులుతోంది. ఒకదాని మూతి విప్పాను. బియ్యం తెల్లగా లేవు. అసలు నిలకడగా లేవు.

నేను అక్కడే గుమ్మం రాయి మీద కూచున్నాను. ఏడాది మాగబెట్టిన సరుకు.

నిరంజనరావుగారు నొచ్చుకోలేదు. ఆయన చేతిలో సీలు వేసిన నాటి తూకం ఉంది. "శాఖ స్వాధీనంలోంచి సరుకు అప్పగించేటప్పుడు పూర్తి తూకం అప్పగించాలి. తూచండి," అన్నారు.

అన్ని బస్తాలూ తూచారు. ఆయన కూడి, మళ్లీ కూడి, నా వైపు గర్వంగా చూశారు.

"పన్నెండు కిలోలు ఎక్కువుందయ్యా! మా స్వాధీనంలో తగ్గలేదు సరికదా, పెరిగింది. ముట్టినట్టు సంతకం పెట్టు."

"సార్, ఆ ఎక్కువ వాన నీళ్లండి. మిగతాది పురుగండి."

"పురుగు ఎవరి బియ్యం తిన్నది?"

"నావేనండి."

"బయటివి ఏమైనా తిన్నదా?"

"షట్టరు మూసి ఉంది కదండీ."

"తిని బయటికి వెళ్లిందా?"

"లేదండి. ఇక్కడే ఉంది."

"మరి నీ సరుకు నీ కొట్లోనే ఉంది కదయ్యా. ఏ రూపంలో ఉండాలో చట్టంలో లేదు."

ఎంత వెతికినా ఆ లెక్కలో నాకు తప్పు దొరకలేదు. సంతకం పెట్టాను. నిరంజనరావుగారు కాగితం బస్తా మీదే ఆనించి, తనూ సంతకం చేసి, ఫోటోగ్రాఫరు కోసం ఒక చెయ్యి బియ్యంలో పెట్టి నవ్వారు. ఫోటో తీసేలోపు నా లాభంలో కొంత ఆయన వేళ్ల మీదికి ఎక్కి, మణికట్టు దాటి, చొక్కా చేతిలోకి బారుగా నడిచింది. ఆయన వీపు గోక్కుంటూ జీపెక్కారు. జీపు కదిలింది.

"శెట్టిగారూ, తూకం తగ్గిపోతోంది. ఆపండి!" అన్నాడు కరీముల్లా సాయిబు.

"పోనివ్వండి సాయిబుగారూ," అన్నాను. "వాళ్ల ఆఫీసులో అయితే ఇంకా బాగా పెరుగుతాయి."